పూడిక తీసిన రోజు

మా కొట్టు ముందు దండలు వేలాడుతుంటాయి.
పూలవి కావు. రూపాయివి, రెండు రూపాయలవి.
ఊదా, పచ్చ, గులాబీ షాంపూ ప్యాకెట్లు.
పీకలవాగు మీంచి గాలి కొడితే
గలగలమంటాయి,
ఎవరో వచ్చారేమోనని తలెత్తి చూస్తాను.

ఆ పూట నిజంగానే వచ్చింది రాహేలమ్మ.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
పొద్దుటి నుంచి మిరప తొడిమలు తీసిన మనిషి.
ఆమె కన్నా ముందు ఆమె ఘాటు వస్తుంది కొట్టులోకి.
నాకు తుమ్ము. మా పిల్లకి తుమ్ము.
గల్లాపెట్టె మీది పటంలో దేవుడొక్కడే తుమ్మలేదు.

"కుంకుళ్లున్నాయా మస్తానూ?"

లేవన్నాను. దండలోంచి ఊదాది ఒకటి తుంచి ఇచ్చాను.
"పట్టులాగా జారుద్దంట జుట్టు," అన్నాను,
టీవీలో పిల్ల అన్నట్టే.

"జారితే నాకేం ఒరిగిద్ది?
తల నిండా కారపు దుమ్ము.
ఈ జారుడు నీళ్లు పోస్తే అది మెడ మీదికి,
మెడ మీంచి వీపు మీదికి,
అక్కణ్ణుంచి ఇంకెక్కడికో దిగుద్ది.
దుమ్ముని పట్టుకునేది కావాల నాకు."

చేతులు చూపించింది.
గోళ్ల చుట్టూ ఎర్రగా, గీతలు అరిగిపోయి.
వాటికి శనగపిండి, పుల్ల మజ్జిగ.
సబ్బు రుద్దితే మంట రెండింతలంట.
పైగా మా వీధి బోరు నీళ్లలో సబ్బుకి నురగే రాదు,
పాలు విరిగినట్టు విరిగి
బకెట్ అంచున తెల్లగా కూచుంటుంది.
అది నాకూ తెలుసు.
తెలిసే అమ్ముతున్నాను.

మర్నాడు పట్నంబజారు నుంచి అయిదు కిలోలు తెచ్చాను,
ఆమె మీద జాలితో కాదు, బేరం పోకూడదని.
ఖాళీ నూనె డబ్బాలో పోశాను.
రాహేలమ్మ ఒక్కో కాయ తీసి చెవి దగ్గర ఆడించింది.
లోపల గింజ మోగితే ఎండిన కాయ.
మోగనివి తిరిగి డబ్బాలోకే.
పావుకిలో తూచాక కూడా చెయ్యి చాచే ఉంచింది.

"కొసరు?"
"దీనికేం కొసరు?"
"ఉప్పురాయి. రసం కంట్లో పడితే నోట్లో ఏసుకోవాలిగా.
మీయమ్మ పెట్టలేదా?"

పెట్టింది.
ఆదివారం పొద్దున నా తల
రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, పెద్ద యుద్ధం.
నేను గీపెట్టడం, నాలిక మీద ఉప్పు,
ఏడుపు టక్కున ఆగడం.
మంట తగ్గేదో, ఉప్పు రుచిలో పడి మరిచేవాణ్ణో
ఇప్పటికీ తేలలేదు.

ఆ ఏడు వానల ముందు వాగులో పూడిక తీశారు.
మిషను తొండం ముంచి, ఎత్తి,
సరిగ్గా నా కొట్టుకెదురుగా కుప్ప పోసింది.
నల్లటి బురద. రెండో రోజు ఎండకి పగిలింది.
పగుళ్లలోంచి ఊదా, పచ్చ, గులాబీ.

దగ్గరికెళ్లి చూశాను.
మూల పంటితో చింపిన గుర్తు అలాగే ఉంది.
ఎవరి పన్నో.
కొన్నిటి మీద అర్ధరూపాయి ధర,
మా నాన్న గల్లాలో కూర్చున్న కాలంవి.
నాన్న పోయాడు. ఆయన దగ్గర కొన్న తలలు నెరిశాయి.
ప్యాకెట్ మీది పిల్ల మాత్రం
బురదలో ఇంకా జుట్టు విదిలిస్తూ నవ్వుతోంది.

కుంకుడు తొక్కు కోసం కూడా వెతికాను,
చెబితే నవ్వుతారు, పుల్లతో కెలికి మరీ.
ఒక్క పిప్పి దొరకలేదు.
నల్లగింజలు దొరికాయి, ఏడెనిమిది, గోళీల్లా నున్నగా.
వామనగుంటలకని మా పిల్ల కడిగి దాచుకుంది.

మారిపోయానని చెప్పను.
హాస్టలు పిల్లలకి నానబెట్టే తీరికేది,
చితక్కొట్టడానికి రాయేది?
అడిగితే తుంచి ఇస్తూనే ఉన్నాను.
ఏడు దండలు నాలుగయ్యాయి, అంతే.
ఆ సందులోంచి ఇప్పుడు
కూర్చున్న చోటికి వాగు కనిపిస్తుంది.

ఇవాళ కొత్త కుర్రాడెవరో వచ్చాడు,
నుదురు వెనక్కి జరుగుతున్న కుర్రాడు,
కుంకుళ్లు కావాలంటూ కాస్త సిగ్గుపడ్డాడు.
తూచి, పొట్లం కట్టి,
పేపరు ముక్కలో చిటికెడు కల్లుప్పు మడిచి ఇచ్చాను.
"ఇదేంటన్నా?"
"కొసరు.
ఎందుకో రేపు పొద్దున నీకే తెలుస్తుంది."